వెనక్కి వచ్చిన వెలుగు

ఫిల్మ్‌నగర్‌లో సుందర్ రాజు ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. బొమ్మ రాజు అనండి, టీ మోసేవాడి నుంచి ఫైట్ మాస్టరు దాకా అందరూ దారి చూపిస్తారు. ఆ పేరు సినిమావాళ్లు పెట్టింది కాదు, మా యూసుఫ్‌గూడ ఆడవాళ్లం పెట్టింది. ఆయన మా వీధికి కేబుల్ టీవీ ఇచ్చే రోజుల్లో సరిగ్గా సీరియల్ వేళకు బొమ్మ పోయేది. మేమంతా మేడల మీదికెక్కి "రాజు గారూ, బొమ్మ పోయిందండీ!" అని గోలపెట్టేవాళ్లం. ఏ నీళ్ల ట్యాంకు చాటు నుంచో "వచ్చేస్తుందమ్మా, వచ్చేస్తుంది" అని ఆయన గొంతు వినిపించేది. వచ్చేసేది కూడా. చెప్పిన మాట మీద నిలబడిన మగమనిషిగా ఆ రోజుల్లో నేను ఆయన్నొక్కరినే చూశాను.

నా పేరు శ్యామలాదేవి. సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని నాది. తెర మీద గాల్లో ఎగిరే మనిషి నడుముకు బెల్టు ఉంటుంది, బెల్టుకు వీపు వైపు కొక్కెం, ఆ కొక్కేనికి సన్నటి ఉక్కు తాడు. అవేవీ చూసేవాళ్లకు కనబడకుండా చొక్కా కుట్టేది నేను. కుట్టి ఊరుకుంటే కుదరదు, షాట్‌కు ముందు తొడిగించి సర్దాలి. అందుకే ఈ సంగతి జరిగిన చోటల్లా నేనున్నాను. నా నోరు కత్తెర కన్నా పదునని యూనియన్‌లో అంటుంటారు. అననివ్వండి, నాకేం.

రాజు గారిది పాలకొల్లు దగ్గర్నుంచి వచ్చిన కుటుంబం. భార్య సత్యవతి అంగన్‌వాడీ టీచరు. కొడుకు చరణ్ తేజ, కూతురు స్టెఫీ. ఆదివారం చర్చిలో మైకులూ స్పీకర్లూ చూసుకునేది ఆయనే. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడిన మాట నేనెప్పుడూ వినలేదు. ఎవరి మనసూ నొప్పించకూడదన్నది ఆయనకు ఒక జబ్బు. మంచితనం అంటారు జనం. నేను జబ్బు అనే అంటాను, ఎందుకంటే దానివల్లే ఇదంతా జరిగింది.

కేబుల్ అంతా డిజిటల్ అయిపోయాక వీధులకు బొమ్మ పంపే పాత లేజరు డబ్బాలు తుక్కులోకి పోయాయి. రాజు గారు వాటిలో ఒక జత ఇంటికి తెచ్చుకుని తుడిచి, నూనె గుడ్డ కప్పి పెట్టుకున్నారు. పిచ్చా అని నవ్వుకున్నాం. ఆ డబ్బాలే ఆయన్ని సినిమాల్లోకి తెచ్చాయి.

ఎలాగంటే, ఎగిరే మనిషి తాడు పట్టుకునేవాళ్లు సెట్టు గోడ వెనక ఉంటారు. పైనున్నవాడు వాళ్లకు కనబడడు. ఎదురుగా ఒక టీవీ పెట్టుకుని, అందులో మనిషి ఫలానా గీత దాటగానే తాడు బిగబడతారు. వైర్‌లెస్ మానిటర్లు బోలెడు వచ్చాయి కానీ వాటిలో బొమ్మ ఒక రెప్పపాటు వెనకబడి వస్తుంది. కుర్చీలో కూర్చున్న డైరెక్టరుకు ఆ రెప్పపాటుతో పనిలేదు. తాడు పట్టినవాడికి మాత్రం అందులోనే మనిషి ప్రాణం ఉంటుంది. ఫైట్ మాస్టరు క్రాంతికుమార్ దీనితో విసిగిపోయి ఉన్నప్పుడు, యూసుఫ్‌గూడలో ఎవరో రాజు గారి పేరు చెప్పారు.

ఆయన సామాను చూస్తే నవ్వొస్తుంది. కెమెరా దగ్గర ఒక డబ్బా. అందులో ఆవగింజంత లేజరు. బొమ్మను బట్టి దాని వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ వెలుగు పసుపు రంగు వైరులోని గాజుతీగ గుండా సెట్టు వెనక్కి పోతుంది. అక్కడున్న రెండో డబ్బా దాన్ని మళ్లీ బొమ్మ చేసి, లావుపాటి పాత టీవీకి ఇస్తుంది. ఆలస్యమన్నదే లేదు. మనిషి కాలు గాల్లోకి లేచిన క్షణంలోనే టీవీలోనూ లేస్తుంది. క్రాంతికుమార్ మాస్టరు చూసి, "ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నారట. ఆ రోజు నుంచీ పెద్ద తాడు పని ఎక్కడున్నా బొమ్మ రాజు ఉండాల్సిందే.

చరణ్ తండ్రి వెంట సెట్లకు తిరిగి తిరిగి ఫైటర్ అయ్యాడు. హీరోల బదులు దూకేవాడు. రాజు గారికి అది బొత్తిగా ఇష్టం లేదు. కాదనడం చేతకాక ఒక్క షరతు పెట్టారు.

"నువ్వు తాడెక్కిన చోట బొమ్మ నాదే ఉండాలి చిన్నా. తాడు నాగసాయే పట్టాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఎక్కనని నాకు మాటివ్వు."

చరణ్ మాటిచ్చాడు. నాగసాయి తాడు జట్టుకు పెద్ద, బోరబండ మనిషి. మాట మొరటు, చెయ్యి మెత్తన. చరణ్ చిన్నవాడిగా సెట్లకు వచ్చిన రోజుల్లో భుజాలమీద మోసినవాడు. కొడుకు ప్రాణం తన వెలుగులోనూ ఆ మనిషి చేతుల్లోనూ పెట్టి, రాజు గారు ధైర్యం తెచ్చుకున్నారు.

తాడు జట్టుకు ఒక అలవాటుంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు తాడుకూ, కప్పీలకూ, కొక్కేలకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. నిమ్మకాయ కోస్తారు. పెద్ద దూకుడుంటే గుమ్మడికాయ కొడతారు. రాజు గారు సినిమా పనికి వచ్చిన మొదటి రోజే నాగసాయి పళ్లెం పట్టుకుని రాజు గారి దగ్గరికొచ్చాడు.

"రాజన్నా, నీ డబ్బ గిటు దే. మా తాడుకు కన్ను గదే గద. దానికి బొట్టు లేకుంటే ఎట్ల?"

"పెట్టవయ్యా, దానిదేముంది," అని రాజు గారు టీవీ పక్కనుండే రెండో డబ్బాను రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపారు. అప్పటికే వైరు తగిలించడానికి దాని మూత తీసి ఉంది. నాగసాయి బొటనవేలితో కుంకుమ ముంచి, వైరు దూరే రంధ్రానికి కాస్త పైన నిండుగా దిద్దాడు. పొడి కొంచెం రాలింది. రాజు గారు దాన్ని తుడవలేదు. తన దేవుడు వేరు, నాగసాయి దేవుడు వేరు. ఇంకొకరు భక్తితో పెట్టిన కుంకుమను తన చేత్తో తుడిస్తే ఆ మనిషికి ఎలా ఉంటుందోనని ఆయన భయం. అలాగే వైరు తగిలించేవారు. ఏళ్ల తరబడి అలాగే సాగింది, ఏమీ కాలేదు.

ఎండాకాలంలో ఒకసారి పాత లేజరు కాలిపోయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు, ఆ కాలం సామాను ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. కోఠిలో ఎలక్ట్రానిక్ కొట్లన్నీ తిరిగి చిన్నది ఒకటి తెచ్చి బిగించారు. వెలుగు కొలిస్తే పాతదానికంటే ఎక్కువే ఉంది. ఆయన మురిసిపోయారు.

ఆ తర్వాతే ఫిల్మ్‌నగర్ కొండవాలులో కోట సెట్టు సినిమా వచ్చింది. చరణ్ బురుజు మీంచి దూకి, గాల్లో అర్ధచంద్రంలా ఊగి, అవతలి గోడ ముందు ఆగాలి. ఆ గోడ పైకి రాతిదే కానీ లోపల ఇనప చట్రం. దాని ముందు పరుపు వేస్తే కెమెరాలో పడుతుందని వేయలేదు. అంటే అతన్ని ఆపేది నాగసాయి చెయ్యే. మొదటిరోజే నేను ఆ చట్రాన్ని వేళ్లతో తట్టి చూశాను, ఖంగుమంది. అక్కడ అందరూ భోజనం గురించి మాట్లాడుకుంటున్నారు.

బొమ్మ తేడా చేయడం ఆ సెట్టులోనే మొదలైంది. రిహార్సల్‌లో అద్దంలా ఉండేది. టేక్ అనగానే, పెద్ద ఫ్యాన్లు తిరిగి నేల అదరగానే, చుక్కలు లేచేవి. వంకర గీతలు పాకేవి. ఒక్కోసారి ఏమీ అయ్యేది కాదు. ఎవరైనా పసుపు వైరు తొక్కితే వచ్చేది, ఇంకొకరు తొక్కితే పోయేది.

"ఏందిది రాజన్నా? పోరడు గాల్ల ఉన్నప్పుడే గీతలొస్తున్నయ్. నాకు జర భయమైతాంది," అన్నాడు నాగసాయి.

రాజు గారు వైరును డబ్బాలోంచి ఊడదీసి వెలుగు కొలిచే మీటరుకు పెట్టారు. వెలుగు నిండుగా ఉందంది మీటరు. మళ్లీ డబ్బాకు తగిలించారు. బొమ్మ చక్కగా వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, మళ్లీ చెడింది. టీవీ మార్చారు. కెమెరా వైపు డబ్బా విప్పి, మళ్లీ బిగించి చూశారు. వైరు మొత్తం కొత్తది పరిచారు. ప్రతిసారీ మీటరు అదే మాట చెప్పేది, అంతా బాగుందని. చిన్న దూకుళ్లు ఎలాగో అయిపోయాయి. గోడ ముందు ఆగే పెద్ద దూకుడు సోమవారానికి పెట్టారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను సత్యవతికి జాకెట్టు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. రాజు గారు అన్నం ముందు కూర్చుని కలుపుతున్నారే గానీ తినడం లేదు. స్టెఫీ అప్పుడు ఇంజినీరింగ్ ఆఖరి ఏడు చదువుతోంది. లేజర్ల మీదే ఏదో ప్రాజెక్టు చేస్తోంది. తండ్రిని గుచ్చి గుచ్చి అడిగి సంగతంతా రాబట్టింది.

"డాడీ, వెలుగు చేరడం లేదని వెతుకుతున్నావు నువ్వు. చేరుతోంది. కానీ అందులో కొంచెం దేనికో తగిలి వెనక్కి వస్తోంది. అదే గాజుతీగలో వెనక్కి వచ్చి లేజరులో దూరుతోంది. అప్పుడు లేజరు తికమకపడుతుంది."

"తన వెలుగు తనకేం చేస్తుందే?"

"ప్రార్థనలో పాస్టరు గారు మైకు పట్టుకుని స్పీకరు ముందుకు వెళ్తే ఏమవుతుంది? కుయ్యిమంటుందా లేదా? ఆ గొంతు ఆయనదే కదా. ఇదీ అంతే. వెనక్కి వచ్చేది వెయ్యో వంతు ఉన్నా చాలు, లేజరు పిచ్చిపిచ్చిగా మిణుకుతుంది. వైరు వెంట్రుకంత కదిలినా మారిపోతుంది. అందుకే ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది."

"మరి పాతది ఇన్నేళ్లు బాగా పనిచేసింది కదమ్మా."

"పాతదాని ముందు ఒక అడ్డు ఉండేది డాడీ. వెలుగును బయటకు పోనిచ్చి వెనక్కి రానివ్వదు. నువ్వు తెచ్చినదాంట్లో అది లేదు. ఎక్కడో జాయింటులో మట్టి ఉంది. దుమ్ము రేణువు ఒక్కటి చాలు."

"మీటరు పెట్టి చూశానే!"

"మీటరు పెట్టడానికి ఆ జాయింటే ఊడదీస్తున్నావు కదా! తప్పున్న చోటు పక్కకు తీసేసి, తప్పుందా అని చూస్తే ఎలా కనబడుతుంది?"

రాజు గారి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఆయన కళ్లు దేన్నో చూస్తున్నాయి, ఆ గదిలో లేనిదాన్ని. నెమ్మదిగా "కుంకుమ" అన్నారు. సత్యవతి ఏంటండీ అంది. ఏం లేదన్నారు.

సోమవారం పొద్దున నాగసాయి కంటే ముందు సెట్టుకు చేరాలని ఆయన ఆలోచన. డబ్బా రంధ్రం శుభ్రంగా తుడిచి, పూజ కాకముందే వైరు బిగించేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కానీ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఏదో ఊరేగింపు, బండ్లన్నీ ఆగిపోయాయి. ఆయన వచ్చేసరికి గుమ్మడికాయ కొట్టేశారు. కర్పూరం వెలుగుతోంది. నాగసాయి ముందే డబ్బా తీసి, మూత తీసి, ఆ రోజు పెద్ద పని కాబట్టి బొట్టు ఇంకా పెద్దది దిద్దాడు. చరణ్ చేతులు జోడించి నిలబడ్డాడు. పొట్టకూటికి ఎగిరేవాళ్లకు అందరు దేవుళ్లూ కావాలి.

రాజు గారి జేబులో కొత్త మెత్తటి గుడ్డ ఉంది. దాన్ని బయటకు తీయడం చూశాను. రంధ్రం అంచున ఎర్రటి పొడి నాకు కూడా కనబడుతోంది. ఆయన గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. చుట్టూ అందరి కళ్లూ. కొడుకు తాడెక్కబోతుండగా, అప్పుడే పెట్టిన బొట్టు చెరిపితే ఎంత అపశకునం! జట్టులో ఒక్కడికైనా చెయ్యి వణికితే? ఆయన మొహంలో ఆ లెక్కంతా నడిచింది. గుడ్డ మళ్లీ జేబులోకి పోయింది.

"ఈ ఒక్క షాటు అవనీండి శ్యామలమ్మా," అన్నారు నాతో. ఏమిటి అవనివ్వాలో నాకు అప్పుడు తెలియదు.

నేను చరణ్ చొక్కాకు వీపు మీద కొక్కెం వచ్చే చీలిక సర్ది, గోడ వెనక్కి వచ్చి టీవీ దగ్గర నిలబడ్డాను. రిహార్సల్‌లో బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ఫ్యాన్లు తిరిగాయి. యాక్షన్ అన్నారు. చరణ్ దూకాడు. టీవీలో అతను బురుజు వదలడం చూశాను, చేతులు చాపడం చూశాను. తర్వాత అతను ముక్కలైపోయాడు. తెర నిండా గీతలు, చుక్కలు.

"కనబడ్తలేడు! రాజన్నా, కనబడ్తలేడు!" అని నాగసాయి అరిచాడు. అరుస్తూనే అంచనా మీద తాడు బిగబట్టాడు. గోడ అవతల ఇనుము మోగింది. ఆ మోత నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. వెంటనే టీవీలో బొమ్మ తేటగా వచ్చేసింది, చరణ్ గోడకు కొట్టుకుని తలకిందులుగా వేలాడుతున్నాడు.

బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో తుంటికీ తొడకూ రాడ్లు వేశారు. బతికాడు. నాగసాయి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఉండేవాడు. "నా చేతులే ఆలస్యమైనయ్ అన్నా. నా చేతులే," అనేవాడు. రాజు గారు పక్కన కూర్చుని, "నీది కాదు నాగా, నా లేజరు పాడైపోయింది," అనేవారు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇంటికెళ్లి భూతద్దంతో రంధ్రంలోకి చూశారట. గాజు మొన మీద ఎర్రటి రేణువు ఉందట. తుడిచేశారు. స్టెఫీకి తెలుసు, సత్యవతికి తెలుసు. సత్యవతి ఏడుస్తూ నాకు చెప్పింది. నాగసాయికి చెప్పవద్దన్నారట. "వాడు బాగుండాలనే పెట్టాడు. ఆ బొట్టే నా కొడుకును పడేసిందని చెప్తే వాడు బతకడు."

నాకు ఒళ్లు మండింది. కొడుకు మంచం మీద ఉంటే ఈయన పక్కవాడి మనసు గురించి ఆలోచిస్తున్నాడు! కానీ మెట్ల మీద నాగసాయిని చూశాక నేనూ నోరు తెరవలేకపోయాను.

నాగసాయి తాడు పట్టడం మానేశాడు. గోడౌనులో పాత కప్పీలకు గ్రీజు పూసుకుంటూ ఉండిపోయాడు. చరణ్ లేచాడు, నడిచాడు, పరిగెత్తాడు. మళ్లీ తాడెక్కుతానన్నాడు. సత్యవతి కాళ్లావేళ్లా పడింది. "అమ్మా, ఒక్కసారి ఎక్కకపోతే జన్మంతా భయం పోదు. నాన్న బొమ్మ, నాగన్న తాడు. అదే మాట," అన్నాడు. రాజు గారు ఈసారీ కాదనలేకపోయారు. చరణ్ స్వయంగా గోడౌనుకు వెళ్లి నాగసాయిని బతిమాలి తెచ్చాడు. క్రాంతికుమార్ మాస్టరు ఒక కొండరాయి సెట్టులో దూకుడు పెట్టారు. ఊగి వచ్చి ఎదుటి రాయి ముందు ఆగాలి, అక్కడా పరుపు ఉండదు. అదేం ఖర్మో, ఆ కెమెరాలకు ఎప్పుడూ పరుపులే అడ్డం.

ఆ పొద్దున రాజు గారు అందరికంటే ముందు వచ్చారు. రంధ్రం తుడిచారు, వైరు బిగించారు, టీవీ పెట్టారు. బొమ్మ తేటగా ఉంది. ఫ్యాన్లు తిప్పించి చూశారు, తేటగానే ఉంది. వైరును తనే తొక్కి చూశారు. ఆయన మొహంలో చాలాకాలానికి కళ కనబడింది. నేను చొక్కా తొడిగించి వచ్చేసరికి చరణ్ పైకి ఎక్కేశాడు. కొక్కెం తగిలించేశారు.

అప్పుడు నాగసాయి పళ్లెం పట్టుకుని వచ్చాడు. తాడుకు, కప్పీకి అయ్యాయి. మేం చూస్తుండగానే డబ్బా వైరును ఊడదీశాడు. బొటనవేలి నిండా కుంకుమ తీసి, ఈసారి పైన కాదు, సరిగ్గా ఆ రంధ్రం మీదే పెట్టి గట్టిగా అదిమాడు.

"కిందటిసారి తక్కువ వెట్టినా ఏమో అన్నా. గీసారి లోపలిదాంక వెట్టిన. ఇగ ఏం గాదు," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

రాజు గారు గుడ్డ తీశారు. ఈసారి ఆగలేదు. అందరూ చూస్తుండగా డబ్బా లాక్కుని, పుల్లకు గుడ్డ చుట్టి రంధ్రం తుడవసాగారు. గుడ్డ ఎర్రబడింది. ఇంకో మడతతో తుడిచారు. జట్టులో ఎవరో "అయ్యో" అన్నారు.

"ఏందన్నా, తుడుస్తున్నవ్?" నాగసాయి పళ్లెం కింద పెట్టేశాడు. "నా చెయ్యి మంచిది కాదనా? నేను వెట్టిన బొట్టు కీడా నీ కొడుక్కి?"

"కాదు నాగా, నీ చెయ్యి బంగారం. ఆ రోజు కూడా నీ చేతుల తప్పు లేదు. ఆ రోజు..." ఆయన ఆగారు. ఆగి ఉంటే బాగుండేది. కానీ ఇన్నాళ్లు దాచినది నోటి దాకా వచ్చేసింది. "ఈ రంధ్రంలో కుంకుమ రేణువు పడిందయ్యా. వెలుగు దానికి తగిలి వెనక్కి పోయింది. అందుకే బొమ్మ చెదిరింది. నాకు ముందురోజే తెలుసు. నువ్వు నొచ్చుకుంటావని తుడవలేదు. తప్పు నాది."

 నాగసాయి ఎర్రగా ఉన్న తన బొటనవేలి వంక చూశాడు. లుంగీకి తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. ఎరుపు పోలేదు. పైనుంచి మైకులో "రెడీ!" అన్నారు. వాడు యంత్రంలా వెళ్లి తాడు పట్టుకున్నాడు. వాడి చేతులు మోచేతుల దాకా వణుకుతున్నాయి. ఆ చేతుల చివర చరణ్ ఉన్నాడు.

 రాజు గారు వైరు బిగించారు. టీవీలో చరణ్ తేటగా కనబడ్డాడు, చుక్క లేదు, గీత లేదు. కెమెరా వైపు చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు, నాన్న చూస్తున్నారని తెలుసు వాడికి. ఎన్నడూ తాడు ముట్టని రాజు గారు వెళ్లి నాగసాయి వెనక నిలబడి, ఆ వణికే చేతుల వెనక తన చేతులు బిగించారు.

"యాక్షన్!"

చరణ్ దూకాడు. ఊగాడు. గీత దాటాడు. రాజు గారు "ఇప్పుడు!" అని అరిచారు. ఇద్దరూ కలిసి బిగబట్టారు. చరణ్ రాయికి మూరెడు దూరంలో ఆగిపోయాడు. అవతల చప్పట్లు మోగాయి. నాగసాయి తాడు పక్కవాళ్లకు అందించి, ఎవరి వంకా చూడకుండా గేటు వైపు నడిచాడు. పిలిచినా ఆగలేదు.

ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే మైకులో డైరెక్టరు గొంతు వినిపించింది. "సూపర్! వన్ మోర్!"

టీవీలో చరణ్ నవ్వుతూ మళ్లీ కొండరాయి మీదికి ఎక్కుతున్నాడు. తాడు దగ్గర నాగసాయి లేడు. జట్టులోవాళ్లు రాజు గారి వంక చూస్తున్నారు. ఆయన టీవీ దగ్గరికి వెళ్లి కొడుకును కాసేపు చూశారు. తర్వాత వంగి, డబ్బాలోంచి పసుపు వైరును తన చేత్తోనే పీకేశారు. తెర నల్లబడింది.

"ఏమైందండీ అక్కడ?" అని మైకులో అరుస్తున్నారు.

"బొమ్మ పోయింది సార్," అన్నారు రాజు గారు.

"ఎంతసేపట్లో వస్తుంది?"

ఆ ప్రశ్నకు మా వీధి అంతా విన్న జవాబు ఒకటుంది ఆయన దగ్గర. నేను అదే వస్తుందనుకున్నాను.

"ఇంక రాదు సార్," అన్నారు.